భార్య బాలింతగా ఉన్నప్పుడు భర్త ఏం చేయాలి

మా గోదావరి వైపు తొలి కాన్పంటే పుట్టింటిదే. సీమంతం చేసి అమ్మాయిని తీసుకెళ్తారు. నొప్పులొచ్చాయని ఫోన్ వస్తే అల్లుడు బయల్దేరతాడు. బిడ్డను చూసి, స్వీట్లు పంచి, రెండు రోజులుండి ఉద్యోగానికో రొయ్యల చెరువు మీదకో వెళ్ళిపోతాడు. ఆ తర్వాత ఆదివారాలు పళ్ళు పట్టుకొచ్చి, అత్తగారు పెట్టిన భోజనం చేసి, బిడ్డను కాసేపు ఎత్తుకుని సాయంత్రం బస్సెక్కేస్తాడు. పురుడు ఆడవాళ్ళ వ్యవహారం, మగాడికి అక్కడేం పని అని పెద్దవాళ్ళు అంటారు. మగవాళ్ళు కూడా సులువుగా ఒప్పేసుకుంటారు.

నేను ఒప్పుకోను. తల్లికి చెబితే కంగారు పడుతుందని, అత్తగారికి చెబితే తప్పు పడుతుందని ఆ అమ్మాయి లోపలే దాచుకున్న మాటలు చాలాసార్లు భర్త అడిగితేనే బయటికొస్తాయి. పురిటింట్లో మీరు చుట్టం కాదు. మీరు చేయాల్సిన పనులున్నాయి, అవి మీరే చేయాలి.

ముందు ఏం జరుగుతోందో తెలుసుకోండి

గర్భంతో ఉన్నన్నాళ్ళూ ఒంట్లో ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరాన్ హార్మోన్లు బాగా ఎక్కువగా ఉంటాయి. బిడ్డ పుట్టి మాయ పడిపోగానే అవి ఒక్కసారిగా పడిపోతాయి. దానికి తోడు నిద్రలేమి, కుట్ల నొప్పి, పాలు గడ్డకట్టి రొమ్ముల సలపరం. రెండో రోజో మూడో రోజో కారణం లేకుండానే ఏడుపొస్తుంది. అప్పటిదాకా నవ్వుతూ ఉన్న మనిషి అన్నం కంచం ముందు కూర్చుని కన్నీళ్ళు పెట్టుకుంటుంది. సగం మందికి పైగా తల్లులకు ఇది వస్తుంది. రెండు వారాల్లోపు దానంతట అదే తగ్గుతుంది. మందులు అక్కర్లేదు. నిద్ర, తిండి, పక్కన మనిషి ఉంటే చాలు.

రెండు వారాలు దాటినా తగ్గకపోయినా, అంతకంతకూ పెరుగుతున్నా అది కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్ కావచ్చు. మన దేశంలో జరిగిన 38 అధ్యయనాలను కలిపి చూసిన పరిశీలన ఒకటి 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో వచ్చింది. దాని ప్రకారం 22 శాతం తల్లుల్లో ఈ డిప్రెషన్ ఉంది. అంటే ప్రతి ఐదుగురు బాలింతల్లో ఒకరికైనా. కాబట్టి మీ ఇంట్లో వస్తే అది వింత కాదు, మీ భార్య బలహీనత అంతకన్నా కాదు. మొదటి నెలల్లోనే కాదు, ఏడాదిలోపు ఎప్పుడైనా మొదలుకావచ్చు.

మూడో రకం, మతి చలించే జబ్బు (సైకోసిస్), చాలా అరుదు, వెయ్యి కాన్పుల్లో ఒకటో రెండో. కానీ అది అత్యవసరం. దాని గురించి కింద విడిగా చెబుతాను.

కాన్పుకు ముందే

పురుడు ఎక్కడ పోసుకోవాలన్నది ఆమెనే అడగండి. ఆనవాయితీ ప్రకారం పుట్టిల్లే అయినా, అక్కడ వాళ్ళమ్మకు మోకాళ్ళ నొప్పులుండొచ్చు, ఇంట్లోకి కొత్త వదిన వచ్చి ఉండొచ్చు, ఒక్కటే గది కావచ్చు. తన మనసు ఎక్కడ కుదుటపడుతుందో తనకే తెలుసు.

ఆమెకు ఇంతకు ముందు ఎప్పుడైనా డిప్రెషన్ లాంటిది వచ్చిందా, గర్భం పోయిందా, ఆమెకు గానీ దగ్గరి రక్తసంబంధీకులకు గానీ బైపోలార్ జబ్బు (మనసు విపరీతమైన హుషారుకీ దిగులుకీ మధ్య ఊగే జబ్బు) ఉందా అన్నవి కాన్పు చేసే డాక్టరుకు ముందే చెప్పండి. చాలామంది ఇవి పెళ్ళి సంబంధాల నాటి రహస్యాల్లా దాస్తారు. డాక్టరు దగ్గర దాస్తే నష్టపోయేది మీ భార్యే.

సెలవు సంగతి చూసుకోండి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు, మన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులకు ఇద్దరు పిల్లల వరకు 15 రోజుల పితృత్వ సెలవు ఉంది. ప్రైవేటు కంపెనీలకు అలాంటి చట్టం లేదు కాబట్టి ముందే అడిగి మాట్లాడుకోవాలి. అందరూ సెలవంతా ఆసుపత్రి రోజుల్లోనే వాడేస్తారు. నన్నడిగితే కొన్ని రోజులు మూడో వారానికి దాచమంటాను. మొదటి వారం ఇంటినిండా జనం ఉంటారు. పురిటి స్నానం అయ్యాక పిన్నులూ మేనత్తలూ ఎవరిళ్ళకు వాళ్ళు వెళ్ళిపోతారు. అప్పుడు ఆ తల్లీబిడ్డలు ఒంటరిగా మిగులుతారు, అప్పుడే మీ అవసరం ఎక్కువ.

జులై, ఆగస్టు నెలల్లో కాన్పు ఉండి, ఊరు లంకల్లో అయితే ఇంకో జాగ్రత్త. పి.గన్నవరం, అయినవిల్లి వైపు లంకల వాళ్ళకు ఇది కొత్తగా చెప్పనక్కర్లేదు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. అప్పటిదాకా ఆగకుండా, ఎగువన నీళ్ళు పెరుగుతున్నాయని వార్త రాగానే గట్టు మీది ఊళ్ళోనో టౌన్లోనో బంధువుల ఇంటికి చేర్చండి. పచ్చి బాలింత పడవ కోసం ఎదురుచూస్తూ డాబా మీద కూర్చోవాల్సి వస్తే ఆ భయం చాలాకాలం వదలదు.

ఆసుపత్రిలో

బిడ్డ పుట్టగానే వచ్చినవాళ్ళంతా ఉయ్యాల వైపు వెళ్తారు. మీరు మంచం వైపు వెళ్ళండి. మొదటి ప్రశ్న ఆమె గురించి ఉండాలి: "నొప్పి ఎలా ఉంది? కాస్త నిద్రపట్టిందా? ఏమన్నా తాగావా?" ప్రభుత్వాసుపత్రి కాన్పుల వార్డుల్లో చాలాచోట్ల మగవాళ్ళను ఎక్కువసేపు ఉండనివ్వరు. అయితే ఫోన్ ఉంది కదా, కారిడార్ నుంచే మాట్లాడండి.

మామూలు కాన్పు అవుతుందనుకుని చివరికి ఆపరేషన్ అయితే, కొందరు తల్లులు తమవల్ల కాలేదని లోలోపల బాధపడతారు. "ఆపరేషనేగా, నొప్పులు పడే పని తప్పింది" అని ఎవరన్నా అంటే అక్కడే ఆపండి. పొట్ట కోసి కుట్టిన మనిషి మూడో రోజునే లేచి బిడ్డను ఎత్తుకుంటోంది, అది చిన్న సంగతి కాదు. బిడ్డను నవజాత శిశువుల ప్రత్యేక వార్డులో పెట్టాల్సి వస్తే, ఆమెకు అబద్ధాలు చెప్పకండి. డాక్టరు ఏమన్నారో ఉన్నదున్నట్టు నెమ్మదిగా చెప్పండి, బిడ్డ వీడియో తీసుకొచ్చి చూపించండి, ఆమె పిండిన పాలు మీరే తీసుకెళ్ళి నర్సుకివ్వండి.

నిద్ర: అన్నిటికన్నా ముఖ్యం ఇదే

కాన్పు తర్వాత మనసు కుదుటపడటానికి భర్త చేయగలిగిన పనుల్లో నిద్ర ఇప్పించడాన్ని మించింది లేదు. పసిబిడ్డ రోజుకు ఎనిమిది నుంచి పన్నెండు సార్లు పాలు తాగుతుంది. ప్రతిసారీ పాలివ్వడం, త్రేన్పు తెప్పించడం, గుడ్డ మార్చడం, జోకొట్టడం కలిపితే దాదాపు గంట పడుతుంది. ఆమె కన్ను మూసేసరికి మళ్ళీ ఏడుపు. ఇలా ముక్కలు ముక్కలుగా పడుకుంటే ఎన్ని గంటలు పడుకున్నా నిద్ర చాలదు.

కాబట్టి రోజులో ఒక్కసారైనా నాలుగైదు గంటలు ఏకధాటిగా పడుకునేలా చూడండి. రాత్రి ఎనిమిదిన్నరకు పాలిచ్చి ఆమె పక్క గదిలో పడుకుంటే, ఒంటిగంట దాకా బిడ్డ బాధ్యత మీది. మధ్యలో ఆకలేస్తే, పిండి పెట్టిన తల్లిపాలు ఉగ్గుగిన్నెతో పట్టొచ్చు. పిండిన పాలు ఫ్రిజ్‌లో పెట్టండి. మన ఎండాకాలం ఉక్కలో బయట ఉంచకండి. మొదటి వారాల్లో పాలు ఇంకా సరిగ్గా పడకపోతే అలా పిండటం కుదరదు. అప్పుడు బిడ్డను మీరే తెచ్చి ఆమె పక్కన పెట్టి, పాలు తాగగానే మీరే తీసుకెళ్ళండి. ఆమె మంచం దిగకూడదు, అంతే. త్రేన్పు, పొత్తిగుడ్డలు, జోకొట్టడం పూర్తిగా మీవి. తాగాక బిడ్డను భుజాన వేసుకుని వీపు మీద నెమ్మదిగా నిమిరితే త్రేన్పు వస్తుంది. ఇందులో మగవాడికి చేతకాని పని ఒక్కటీ లేదు.

రాత్రిళ్ళు ఏరేటర్లు (చెరువు నీళ్ళకు గాలి అందించే యంత్రాలు) చూసుకోవడానికి చెరువు గట్టున పడుకునేవాళ్ళు, రాత్రి డ్యూటీలు చేసేవాళ్ళు తెల్లవారుజామున ఐదు నుంచి తొమ్మిది దాకా తీసుకోండి. అత్తగారింట్లో అల్లుడు బిడ్డ గుడ్డలు మార్చడమేంటని వాళ్ళు మొహమాటపడతారు. "అత్తయ్యగారూ, మీరు రాత్రంతా మేలుకున్నారు, ఈ పూట నేను చూస్తానండి" అనండి. రెండు రోజుల్లో అలవాటైపోతుంది.

ఒక విషయం గమనిస్తూ ఉండండి. బిడ్డ నిద్రపోయినా, ఇల్లు సద్దుమణిగినా ఆమెకు మాత్రం నిద్రపట్టకపోతే, కళ్ళు తెరుచుకుని పైకప్పు చూస్తూ పడుకుంటే, అది మామూలు అలసట కాదు. ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి.

పథ్యం, గది

సొంఠి, వెల్లుల్లి, మునగాకు, కాయం ముద్ద, తీరం వైపు ఊళ్ళలో పాలసొర కూర. వీటిని పెద్దవాళ్ళు ప్రేమగా చేసిపెడతారు. వీటితో గొడవ పెట్టుకోనక్కర్లేదు. కానీ నీళ్ళు తక్కువ తాగమనడం, కూరలూ పళ్ళూ మానిపించి వారాల తరబడి వట్టి కారప్పొడి అన్నం పెట్టడం మంచిది కాదు. పాలిచ్చే తల్లికి దాహం ఎక్కువ. ఆమె పాలివ్వడానికి కూర్చోగానే చేతికి అందేలా నీళ్ళ సీసా పెట్టడం మీ పనిగా చేసుకోండి. ఐరన్, కాల్షియం మాత్రలు కాన్పు తర్వాత ఆరు నెలలు వేసుకోవాలి. రక్తం తక్కువైతే ఒంట్లో సత్తువ ఉండదు, మనసూ దిగాలుపడుతుంది.

తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టనివ్వకండి, ఆ పొగ తల్లికీ బిడ్డకూ ప్రాణాపాయం. రోజూ ఉదయం కాసేపు వసారాలోకో పెరట్లో కొబ్బరిచెట్ల కిందకో తీసుకురండి. నలభై రోజులు చీకటిగదిలో ఉంటే ఎవరి మనసైనా నీరసిస్తుంది.

బంధువుల మాటలు

ఇది మీరు తప్ప ఇంకెవరూ చేయలేని పని. బాలింత ఎవరికీ ఎదురు చెప్పలేదు, చెబితే పొగరంటారు. పుట్టింటివాళ్ళు మీ వాళ్ళకు ఎదురు చెప్పలేరు. చెప్పాల్సింది మీరే.

మొదటిది పాల గురించి. చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్ళూ "పాలు సరిపోతున్నట్టు లేవు, డబ్బా పాలు పట్టండి" అంటారు. ఆ మాట రోజుకు నాలుగుసార్లు వింటే ఏ తల్లికైనా తన మీద తనకు నమ్మకం పోతుంది. మీరు లెక్క తెలుసుకుని ఉండండి: ఐదో రోజు దాటాక బిడ్డ రోజుకు ఆరుసార్లు లేదా అంతకన్నా ఎక్కువ ఒంటికి పోస్తుంటే, రెండు వారాలకల్లా పుట్టినప్పటి బరువు మళ్ళీ వస్తే, పాలు సరిపోతున్నట్టే. ఆశా కార్యకర్త వచ్చినప్పుడు తూకం వేయించండి. ఆ తర్వాత ఎవరన్నా అంటే, "బరువు బాగానే పెరిగిందండి, తూకం వేయించాం" అని మీరే చెప్పండి.

రెండోది ఆడపిల్ల. ఇప్పటికీ ఆడపిల్ల పుడితే, అందులోనూ రెండోసారి పుడితే, ముఖం ముడుచుకునే ఇళ్ళున్నాయి. కుటుంబం ఆడపిల్ల పుట్టిందని నిరాశపడితే తల్లికి డిప్రెషన్ వచ్చే అవకాశం పెరుగుతుందని మన దేశంలో జరిగిన పరిశోధనల్లోనే తేలింది. బిడ్డ ఆడా మగా అన్నది తండ్రి నుంచి వచ్చే క్రోమోజోమును బట్టి ఉంటుంది, తల్లి చేతిలో ఏమీ లేదు. ఇది ఇంట్లో అందరి ముందూ, మీ అమ్మగారి ముందు కూడా, ఒక్కసారి స్పష్టంగా చెప్పండి. తర్వాత బిడ్డను ఎత్తుకుని ఊళ్ళో తిరగండి. మీరు సంతోషంగా ఉన్నారని ఆమె కళ్ళారా చూడాలి.

మూడోది బారసాల. ఇరవై ఒకటో రోజు వేడుకలో మనవైపు లెక్కలు బాగా ఎక్కువ. బిడ్డకు ఎంత బంగారం పెట్టారు, ఉయ్యాల ఎవరు కొన్నారు, ఎన్ని జతల బట్టలు, మా వైపు చుట్టాలకు చీరలు సరిగ్గా పెట్టారా లేదా. ఈ మాటలన్నీ పురిటి గది గుమ్మం దగ్గరే జరుగుతాయి, ఆమె వింటూనే ఉంటుంది. తన తండ్రి అప్పు చేశాడా అని ఆలోచిస్తూ ఉంటుంది. వేడుకకు వారం ముందే మీ అమ్మానాన్నలతో కూర్చుని మాట్లాడండి. "అమ్మా, వాళ్ళు ఏం పెట్టినా సరే, పెట్టకపోయినా సరే. ఈ విషయం మీద ఆ అమ్మాయి చెవిన ఒక్క మాట పడకూడదు." ఆసుపత్రి బిల్లుల పంచాయితీ కూడా ఆమె ముందు పెట్టకండి. కుదిరితే బిల్లు మీరే కట్టేయండి. బిడ్డ మీది కూడా కదా. పేరు గురించి వాదనలొస్తే చివరి మాట తల్లీతండ్రులదే ఉండనివ్వండి.

చూడ్డానికి వచ్చేవాళ్ళకు వేళ పెట్టండి. సాయంత్రం ఐదు నుంచి ఆరున్నర. ఆమె పడుకుని ఉంటే, "ఇప్పుడే నిద్రపట్టిందండి, లేపను" అని మీరే వీధిలో కుర్చీలు వేసి కూర్చోబెట్టి టీ ఇవ్వండి.

ఏం మాట్లాడాలి

"ఎందుకు ఏడుస్తున్నావు?" అని అడిగితే ఆమె దగ్గర జవాబు ఉండదు, ఆ ఏడుపుకి తనకే కారణం తెలియదు. "మా అమ్మ ఐదుగురిని కంది, ఇలా ఎప్పుడూ లేదు", "బంగారంలాంటి బిడ్డ పుట్టింది, ఇంకేం లోటు?", "ధైర్యంగా ఉండు". మంచి ఉద్దేశంతోనే అన్నా, ఇవన్నీ ఆమె నోరు మూయిస్తాయి.

మనసెలా ఉందంటే చాలామంది బాగానే ఉందంటారు. అందుకని చిన్న చిన్న ప్రశ్నలు వేయండి. రాత్రి ఎంతసేపు పడుకున్నావు? ఈరోజు అన్నం తినాలనిపించిందా? దేనికి ఎక్కువ టెన్షన్‌గా ఉంది? బిడ్డను చూస్తే నీకేమనిపిస్తోంది? చివరి ప్రశ్నకు "ఏమీ అనిపించట్లేదు" అని జవాబొచ్చినా ఉలిక్కిపడకండి. కొందరికి బిడ్డ మీద మమకారం మొదటి రోజే పొంగదు, వారాలు పడుతుంది. "పర్లేదు, నెమ్మదిగా వస్తుందిలే, నేనున్నాను" అంటే చాలు. ఆమె చెప్పేటప్పుడు ఫోన్ పక్కన పెట్టేయండి. సలహా అడిగితే తప్ప ఇవ్వకండి.

కొందరు తల్లులకు భయంకరమైన ఊహలు వస్తాయి: బిడ్డ చేతిలోంచి జారిపోయినట్టు, నీళ్ళలో పడినట్టు. ఆ ఊహకు ఆమే వణికిపోతుంది, నేను చెడ్డ తల్లినేమో అని కుమిలిపోతుంది. ఇలాంటి ఊహలు చాలామంది కొత్త తల్లులకు వస్తాయి. అవి వచ్చాయని ఆమె బిడ్డకు హాని చేస్తుందని కాదు. మీతో చెప్పిందంటే మిమ్మల్ని నమ్మిందని అర్థం. తిట్టకండి, ఇంట్లో ఎవరికీ చెప్పకండి. ఆ ఊహలు మాటిమాటికీ వస్తుంటే డాక్టరుకు చెప్పండి.

రెండు వారాలు దాటాక

కాన్పు తేదీ నుంచి పద్నాలుగో రోజును ఫోన్‌లో గుర్తుపెట్టుకోండి. ఆ రోజుకి ఏడుపు, చిరాకు తగ్గుముఖం పట్టి ఉండాలి. తగ్గకపోతే ఇవి చూడండి. ఇష్టమైన వాటి మీద కూడా ఆసక్తి లేకపోవడం, తిండి సయించకపోవడం, అన్నిటికీ తననే నిందించుకోవడం, బిడ్డకు ఏదో అయిపోతుందని ఎడతెగని భయం, గుండెదడ, ఎవరితోనూ మాట్లాడకుండా గోడవైపు తిరిగి పడుకోవడం. మన ఊళ్ళలో చాలామంది దిగులని చెప్పరు. తలభారం, ఒళ్ళంతా నొప్పులు, కాళ్ళలో మంటలు, నీరసం అంటారు. పరీక్షల్లో ఏమీ తేలకపోతే, దాని వెనక మనసు ఉందేమో అడగండి.

ఆసుపత్రిలో కాన్పయితే ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి వస్తుంది. ఆమె బిడ్డ బరువు, బొడ్డు చూస్తుంది. తల్లి మనసు సంగతి కూడా మీరే ఎత్తండి. డాక్టర్లు వాడే ప్రశ్నావళి ఒకటుంది, 1987లో ఎడిన్‌బరోలో తయారైంది. గత ఏడు రోజుల్లో ఎలా ఉన్నారన్న దాని మీద పది ప్రశ్నలు, మొత్తం 30 మార్కులు. సాధారణంగా 13 లేదా అంతకన్నా ఎక్కువ వస్తే డిప్రెషన్ ఉండొచ్చని చూస్తారు. పదో ప్రశ్న తనకు తాను హాని చేసుకోవాలన్న ఆలోచన గురించి. దానికి అవునని జవాబొస్తే మిగతా మార్కులతో పనిలేదు, వెంటనే సాయం కావాలి.

చచ్చిపోవాలనిపిస్తోందా అని అడగడానికి భయపడకండి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. అవునంటే ఆమెను ఒక్క క్షణం కూడా ఒంటరిగా వదలకండి. వ్యవసాయం చేసే ఇంట్లో పురుగుమందు డబ్బాలు పశువుల పాకలోనో మెట్ల కిందో ఉంటాయి. దిగులు కనిపించిన రోజే వాటిని ఇంట్లోంచి తీసేసి దూరంగా తాళం వేసిన చోట పెట్టండి.

ఇప్పుడు ఆ అరుదైన మూడో రకం. సాధారణంగా మొదటి రెండు వారాల్లోనే, ఉన్నట్టుండి మొదలవుతుంది. నిద్రే అక్కర్లేనట్టు ఉండటం, పొంతన లేని మాటలు, ఎవరో పిలుస్తున్నారని వినడం, ఇంట్లోవాళ్ళు విషం పెడుతున్నారని అనుమానం, బిడ్డ తన బిడ్డ కాదనడం. మన దగ్గర దీన్ని గాలి సోకిందని, దిష్టి తగిలిందని మంత్రం వేయించడానికి తీసుకెళ్తారు. విలువైన గంటలు అక్కడే పోతాయి. ఇది వైద్యంతో నయమయ్యే జబ్బు, కానీ అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. 108కి ఫోన్ చేయండి. బిడ్డను వేరే వాళ్ళకు అప్పగించి, ఆమె పక్కనే ఉండండి. తాయెత్తు కట్టాలని పెద్దవాళ్ళు పట్టుబడితే, అంబులెన్సులో వెళ్తూ కట్టమనండి.

డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళడం

ఎవరికి చూపించాలో తెలియకపోతే 14416కి ఫోన్ చేయండి. టెలి మానస్ అనే ప్రభుత్వ సేవ ఇది. 2022 అక్టోబరు 10న మొదలైంది. 24 గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఆమె తరఫున మీరు కూడా చేయొచ్చు. కాన్పు చేసిన డాక్టరుతో మొదలుపెట్టినా మంచిదే. కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. వెళ్ళినప్పుడు హీమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు కూడా చేయించమని అడగండి. కాన్పు తర్వాత థైరాయిడ్ తేడా వస్తే డిప్రెషన్‌లాగే కనిపిస్తుంది.

పిచ్చి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తావా అని ఇంట్లో గోల చేస్తే, కాన్పు తర్వాత వచ్చే జబ్బు ఇది, వైద్యం ఉంది అని చెప్పి బయల్దేరండి. అందరూ ఒప్పుకునే దాకా ఆగకండి. తక్కువ స్థాయిలో ఉంటే కౌన్సెలింగుతోనే సర్దుకుంటుంది. ఎక్కువైతే మందులిస్తారు. పాలిచ్చే తల్లులు వాడదగ్గ మందులున్నాయి, కాబట్టి పాలిస్తున్నానని మొదటే డాక్టరుకు చెప్పాలి. మందు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. కాస్త నవ్వు కనిపించగానే మాత్రలు ఆపేయకండి, డాక్టరు చెప్పినన్నాళ్ళూ వాడాల్సిందే.

మీరు దూరంగా ఉంటే

కోనసీమలో, నరసాపురం వైపు ఎంతోమంది గల్ఫ్‌లో పనిచేస్తున్నారు. అక్కడి నుంచి కూడా చేయగలిగింది చాలా ఉంది. కువైట్ సమయం మనకన్నా రెండున్నర గంటలు వెనక. ఇక్కడ రాత్రి ఒంటిగంటకు ఆమె ఒంటరిగా పాలిస్తూ కూర్చుంటే అక్కడ పదిన్నరే. ఆ వేళకు ఫోన్ చేసి ఆ అరగంట తోడుండండి. వీడియోలో బిడ్డను చూపించమని అడిగే ముందు ఆమె ముఖం చూడండి. ఊళ్ళో మీరు నమ్మే మనిషిని, అక్కనో వదిననో, రోజు విడిచి రోజు వెళ్ళి చూసి మీకు చెప్పమనండి. డబ్బు నేరుగా ఆమె ఖాతాకే పంపండి. చిన్న ఖర్చుకీ ఎవర్నో అడగాల్సి రావడం బాలింతకు పెద్ద బాధ.

తండ్రుల్లో కూడా దాదాపు పది మందిలో ఒకరికి ఈ కాలంలో డిప్రెషన్ వస్తుంది. నిద్రలేక, అప్పుల ఆలోచనతో మీకే ఊపిరాడనట్టు ఉంటే అదే 14416 మీకు కూడా పనికొస్తుంది. మందు సీసా దగ్గరికి మాత్రం వెళ్ళకండి. మీరు తాగి వచ్చిన రాత్రి ఆమెకు మిగిలిన కాస్త ధైర్యం కూడా పోతుంది.

అత్తారింటికి వచ్చాక

మూడో నెలలోనో ఐదో నెలలోనో మంచిరోజు చూసి తల్లీబిడ్డలను తీసుకొస్తారు. అందరూ ఇక పురుడు అయిపోయిందనుకుంటారు. కానీ కొందరికి అసలు దిగులు ఇక్కడే మొదలవుతుంది. పుట్టింట్లో నీళ్ళు పోసే అమ్మ, ఎత్తుకునే చెల్లి ఉన్నారు. ఇక్కడ తెల్లారే సరికి వంట, గిన్నెలు, పైగా బిడ్డ. వచ్చే ముందే ఇంట్లో పనులు పంచుకోండి. కనీసం రెండు నెలలు పొద్దున్న వంట ఆమెది కాదని ఖాయం చేయండి. రాత్రి నిద్ర పద్ధతి ఇక్కడా కొనసాగించండి. వారంలో రెండుసార్లయినా బిడ్డను మీరు చూసుకుని, ఆమెను కాలవగట్టు మీద నడకకో గుడికో స్నేహితురాలింటికో వెళ్ళిరమ్మనండి. దాంపత్యం విషయంలో తొందరపెట్టకండి. ఆరువారాల చెకప్ అయ్యాక కూడా ఆమె సిద్ధమైనప్పుడే. ఈలోపు గర్భం రాకుండా ఏం వాడాలో డాక్టరును ఇద్దరూ కలిసి అడగండి.

ఒకసారి కాన్పు తర్వాత డిప్రెషన్ వచ్చినవాళ్ళకు మళ్ళీ కాన్పులో వచ్చే అవకాశం ఎక్కువ. డాక్టరు రాసిన చీటీలు, పరీక్షల కాగితాలు, ఏ మందుతో తగ్గింది, ఎప్పుడు మొదలైంది అన్న వివరాలు ఒక ఫైల్లో పెట్టి బీరువాలో దాచండి. రెండో బిడ్డ అనుకున్నప్పుడు, మొదటి చెకప్‌కే ఆ ఫైలు మీరే పట్టుకెళ్ళి డాక్టరు ముందు పెట్టండి.